డ్రమ్ము మీద సుద్దగీత

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతు దాకా వచ్చి వెనక్కు పోతోంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం చూడలేరు. ఓబులేసన్న కన్ను పోయింది నా వల్లే. అంతే అయితే ఎప్పుడో చెప్పేసి ఉండేవాణ్ణేమో. అంతకంటే పాడుపని ఇంకొకటి చేశాను.

అప్పుడు మేమిద్దరం రాప్తాడు దగ్గర హైవే పక్కన ఒక వెల్డింగ్ షాపులో పనిచేసేవాళ్లం. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. నాకు వెల్డింగ్ రాడ్డు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా వైపు ఎండాకాలం వస్తే పాత డీజిల్ డ్రమ్ములకు గిరాకీ. రైతులు కొనుక్కొచ్చి, నీళ్లు పట్టుకోవడానికి కింద కుళాయి అతికించమంటారు. డ్రమ్ము ఖాళీగా కనిపించినా లోపల డీజిల్ ఆవిరి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకని ముందు బట్టల సోడా వేసి మూడుసార్లు కడగాలి. కడిగినవాడు దాని మీద సుద్దముక్కతో అడ్డగీత గీయాలి. గీత లేని డ్రమ్మును ఓబులేసన్న ముట్టుకునేవాడు కాదు. ఆ పద్ధతి పెట్టింది కూడా ఆయనే.

ఆ రోజు నీళ్ల ట్యాంకరు రాలేదు. షాపులో మిగిలింది రెండు బిందెలు. మా ఇంట్లో నాలుగు రోజులుగా నీళ్లు లేవు, పొద్దున్నే నా భార్యతో పెద్ద రభస. నేను కడగాల్సిన డ్రమ్ము ఒకటి ఉంది, దాన్ని కడిగితే ఆ రెండు బిందెలూ అయిపోతాయి. కడగకపోతే ఇంటికి తీసుకుపోవచ్చు. ఇంత ఆలోచించే చేశానా? ఆలోచించే చేశాను. ఇన్నేళ్లలో ఏ ఒక్క డ్రమ్మైనా పేలిందా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, మూత తీసి కాసేపు ఎండలో బోర్లించి, దాని మీద గీత గీసి, బిందెలు బండికి కట్టుకుని ఇంటికి పోయాను.

తిరిగి వచ్చి బండి దిగుతుంటే పేలింది.

డ్రమ్ము అడుగు ఊడి ఎగిరి ఓబులేసన్న ముఖానికి కొట్టింది. వెల్డింగ్ వెలుగుకు అడ్డంగా చేతిలో పట్టుకున్న నల్లద్దం ముక్కలైంది. ఆయన అట్లాగే కూలబడి చేతులతో నేలంతా తడుముతున్నాడు. ఓనరూ, పక్కన టీ కొట్టువాళ్లూ ఆయనను ఆటో ఎక్కిస్తున్నారు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? మసిగుడ్డ తీసుకుని డ్రమ్ము మీది గీత తుడిచేశాను. ఇనుము ఇంకా కాలుతోంది, నా వేళ్లు బొబ్బలెక్కాయి. మంట ఆర్పబోయి కాల్చుకున్నానని అందరూ నన్ను మెచ్చుకున్నారు. థూ, నా బతుకు!

మూడో రోజు ఆసుపత్రికి పోయాను. ఆయన రెండు కళ్లకూ కట్టు ఉంది. నా గొంతు వినగానే చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమప్పా, డ్రమ్ము మీద గీత ఉన్నింది కదా?"

"లేదన్నా. నేనింగా కడగనే లేదు. ట్యాంకరు వచ్చిందేమో చూడను పోయింటి."

"నేను చూసినట్టే ఉండాదే..."

"నిన్నటి డ్రమ్ముదేమోన్నా."

 "అట్లయితే నాదే తప్పు. ఊరికే నీ మీద అనుమానపడితినే" అన్నాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

అప్పుడే చెప్పి ఉండవచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? పని పోతుందనా, పోలీసులు వస్తారనా? రెండూ నిజమే, కానీ అసలు సంగతి వేరే. ఆయన తన కళ్లకంటే నా మాటనే నమ్మాడు, నమ్మగానే నాకు ప్రాణం కుదుటపడింది, ఆ సుఖాన్ని చేజేతులా పోగొట్టుకోబుద్ధి కాలేదు.

కుడికంటి చూపు ఇక రాలేదు. ఎడమ కంటికి మనిషి ఆకారం మాత్రం కనిపిస్తుంది. అంత జాగ్రత్త మనిషి గీత చూడకుండా డ్రమ్ము పట్టుకున్నాడంట అని చుట్టుపక్కల షాపులన్నింటా పాకింది. తర్వాత ఓనరు వేరే ఊరికి పోతూ షాపు నాకు అప్పగించాడు. ఓబులేసన్నను పిలిచి, బోల్టులూ నట్లూ వేరుచేసే పని ఇచ్చాను. దానికి కూడా నన్ను ధర్మాత్ముడన్నారు.

మొన్న ఇద్దరు కొత్త వెల్డర్లు చేరారు. ఆయన వాళ్లను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. ఎవరు చేరినా అలాగే చేస్తాడు. "నన్ను చూడండప్పా. గీత చూడకుండా రాడ్డు పెట్టినా. నా నిర్లక్ష్యానికి నా కన్నే పోయింది. మీరు అట్ల చేయొద్దండి" అన్నాడు. వాళ్లు తలలూపారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేనూ తలూపాను.

ఆయనకు చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందా? తెలియదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతుల్లో లేదు కూడా. ఇదంతా రాశాక గుండె కొంచెం తేలికైన మాట నిజం. ఆ రోజు డ్రమ్ము మీద గీత ఉంది. ఓబులేసన్న సరిగ్గానే చూశాడు.