పాండు చెప్పిన ఆఖరి సీజన్ ముచ్చట

పాండును నేను మొదటిసారి చూసింది మోకిలలో మా లేఅవుట్ బోరు మోటారు కాలిపోయిన రోజున. చేవెళ్ల నుంచి మెకానిక్ వస్తున్నాడన్నారు. నలభై అయిదేళ్ల మనిషి, పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. ఒంటి మీద వెలిసిపోయిన మెరూన్ జెర్సీ, వీపు మీద దక్కన్ స్టాలియన్స్ అన్న అక్షరాలు. అది హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు. నేనూ ఆ జట్టు మ్యాచులు టీవీలో చూస్తానని మాటవరసకు చెప్పాను. ఆయన పైపులు పైకి లాగడం ఆపి నా వైపు తిరిగాడు.

"టీవీల ఏం కనబడతది సార్? బాల్ ఉన్నోడే కనబడతడు. బాల్ లేనోడు ఏం చేస్తుండో చూడాలె. ఆట అండ్లనే ఉన్నది" అన్నాడు.

ఆ వారమే నన్ను స్టేడియంకు లాక్కెళ్లాడు. తర్వాత అయిదేళ్లు మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

నా పేరు బాపిరాజు. మాది భీమవరం దగ్గర పల్లె. తొంభై ఎనిమిదిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఇన్నేళ్లలో ఆఫీసు వాళ్లు, మా వైపు వాళ్లు తప్ప ఈ ప్రాంతం మనిషి ఒక్కడూ నాకు స్నేహితుడు కాలేదు. పాండు అయ్యాడు. వాళ్లది ముడిమ్యాల. చేవెళ్ల స్కూల్లో పదో తరగతి వరకు చదివి, అక్కడి పీటీ సారు దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్నాడు. ఆ తర్వాత మోటారు వైండింగ్ పనిలో పడ్డాడు. ఆట కాళ్లలోంచి పోయింది గానీ కళ్లలోంచి పోలేదు.

సీజన్ అయిపోయిన మరుసటి ఆదివారం పొద్దున చేవెళ్లలో పాండు షాపు ముందు కుర్చీలు వేసేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల అభిమానులు ముప్పై నలభై మంది చేరేవాళ్లు. పాండు నిలబడి ఆ ఏడు జట్టు ఎలా ఆడిందో చెప్పేవాడు. చివర్లో ఒక్కొక్క ఆటగాడికి పదికి ఇన్ని అని మార్కులు వేసేవాడు. సీజన్ ముచ్చట అనేవాళ్లు దాన్ని. చేతిలో కాగితం ఉండేది కాదు, మొహమాటమూ ఉండేది కాదు. రెండో ఏడు మేం కప్పు గెలిచాం. ఆనందంతో ఊగిపోతున్న జనం ముందు నిలబడి, ఎడమవైపు డిఫెన్స్ బాగాలేదని, ఫైనల్లో మనల్ని గోల్ పోస్టు రెండుసార్లు కాపాడిందని చెప్పి అందరి చేతా తిట్లు తిన్నాడు. మూడో ఏడు ఎడమవైపు నుంచే గోల్స్ తింటుంటే ఆ తిట్టినవాళ్లే వచ్చి ఎట్ల చెప్పినవన్నా అని అడిగారు.

నేను చెప్పబోయేది అయిదో ఏడు సంగతి.

ఆ ఏడు సీజన్ మొదలవకముందే జట్టు విరిగిపోయింది. యాజమాన్యానికి ఆసక్తి పోయింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానమెక్కారు. డిఫెన్స్ ముందు గోడలా నిలబడే బ్రెజిల్ అతను సెప్టెంబరులో వెళ్లిపోయాడు. మిగిలింది జూనియర్ జట్టు నుంచి తెచ్చిన ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. వాళ్లలో ఒకడు సాయి కిరణ్, మొయినాబాద్ వాడు. కుడివైపు డిఫెన్స్‌లో ఆడతాడు. వాళ్లమ్మ రాధమ్మ మొయినాబాద్ దగ్గర గులాబీ తోటలో పనిచేస్తుంది. తండ్రి లేడు. రెండేళ్ల కింద సాయి కిరణ్‌ను క్లబ్బు తీసుకున్నప్పుడు పాండు అభిమానుల్ని పోగుచేసి మొయినాబాద్ చౌరస్తాలో శాలువా కప్పించాడు. అప్పటి నుంచి ఆ కుర్రాడి పేరెత్తితే మన పిలగాడు అనేవాడు. స్టేడియంలో ముక్కూ మొహం తెలియని వాళ్లకు కూడా వేలు పెట్టి చూపించేవాడు.

మూడో మ్యాచ్ గెలిచాం. తర్వాత పదకొండు మ్యాచులు గెలుపన్నది లేదు. జనం రావడం మానేశారు. పాండు మానలేదు, ఆయన మానలేదు కాబట్టి నేనూ మానలేదు. ఓడిన రోజు ఆయన ఇంట్లో అన్నం ముట్టడని భార్య సమత నాకు ఫోన్ చేసి చెప్పేది. మీరన్న జర చెప్పండి సార్ అనేది.

జనవరిలో పదిహేనో మ్యాచ్, మా గ్రౌండులోనే. మొదటి సగంలో మావాళ్లు కార్నర్ నుంచి ఒక గోల్ కొట్టారు. డెబ్బై ఎనిమిదో నిమిషం దాకా ఆ ఒక్క గోల్‌ను పట్టుకుని నిలబడ్డారు. పాండు కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి రెండు చేతులతో దాని వీపు పట్టుకున్నాడు. అప్పుడు సాయి కిరణ్ గోల్ కాసే గోలీకి బంతి వెనక్కి ఇవ్వబోయాడు. బంతి మెల్లగా పోయింది. అవతలివాడు మధ్యలో అందుకుని గోల్ కొట్టేశాడు. పది నిమిషాల తర్వాత మా గోల్ ముందుకు క్రాస్ వచ్చింది. సాయి కిరణ్ ఎగరడం ఆలస్యమైంది. బంతి వాడి భుజానికి తగిలి మా గోల్‌లోకే పోయింది.

స్టేడియంలో మూడు వందల మంది కూడా లేరు. ఆ గోల్ పడ్డాక అంతా చప్పబడిపోయింది. త్రో వేయడానికి సాయి కిరణ్ మేమున్న వైపు గీత దగ్గరికి వచ్చాడు. పాండు మెట్లు దిగి రెయిలింగ్ దాకా వెళ్లాడు.

"కాళ్లు లేవారా నీకు? ఊరి ఇజ్జత్ తీసినవ్. దిగిపో, ఇంటికి పో!"

అంత ఖాళీ స్టేడియంలో ఆ మాట ఎవరికి వినపడకుండా ఉంటుంది? సాయి కిరణ్ బంతి పట్టుకుని తలెత్తాడు. ఎవరన్నారో చూశాడు. పాండన్నను గుర్తుపట్టాడు. ఒక్క క్షణం అలా చూసి బంతి విసిరాడు. అది అవతలి జట్టువాడి కాళ్ల దగ్గర పడింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో మొయినాబాద్ దాటాక, అట్ల అనకుండ ఉండాల్సిందేమో సార్ అన్నాడు పాండు. కోపంలో ఎవరైనా అంటారులే అన్నాను. నేను కూడా ఆ కుర్రాడి మీద కోపంగానే ఉన్నాను. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవాలి.

తర్వాతి మ్యాచ్ వేరే ఊళ్లో జరిగింది. పాండు షాపులో ఫోన్‌లో చూశాం. ఇరవయ్యో నిమిషంలో సాయి కిరణ్ ఒక్కడే పరిగెత్తుతూ పడిపోయాడు. ఎవరూ తగల్లేదు. మోకాలు రెండు చేతులతో పట్టుకుని దొర్లాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఎవరో ఒకరు లోపలికి వస్తారని చూశాం. ఆ స్థానంలో ఆడేవాడు బెంచి మీద లేడు. ఒక ఫార్వర్డును వెనక్కి దించారు.

లోపల లిగమెంట్ తెగిందని రెండు రోజులకు తెలిసింది. ఆపరేషన్ అయింది. పాండు రేపు పోదాం, ఎల్లుండి పోదాం అంటూ పది రోజులు గడిపాడు. పదకొండో రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసి, సార్ మీరు తోడొస్తే పోతా అన్నాడు.

మొయినాబాద్‌లో రెండు గదుల ఇల్లు వాళ్లది. రాధమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ పెట్టింది. సాయి కిరణ్ కాలు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు. లేవబోతే పాండు గబగబా వెళ్లి భుజం పట్టి కూర్చోబెట్టాడు. అసలు సంగతి రాధమ్మ చెప్పింది. నవంబరు నుంచే మోకాలు వాచేదట. కోచ్ ఆడగలవా అని అడిగితే ఆడతానన్నాడట. ప్రతి మ్యాచ్ ముందు పట్టీ బిగించి కట్టుకుని, పైన సాక్సు లాక్కునేవాడట. ఇంటికి వచ్చి రాత్రంతా ఐసు పెట్టుకునేవాడట. వద్దు బిడ్డా అంటే వినలేదు అంది. ఆమె గొంతులో నిష్టూరం లేదు. జరిగింది చెప్పింది, అంతే.

"ఎందుకు ఆడినవ్ మరి?" పాండు అడిగాడు.

"నేను ఆడకుంటే ఇంకెవరున్నరన్నా?" అన్నాడు సాయి కిరణ్.

పాండు తల దించుకున్నాడు. ఆనాడు నేనన్న మాట, అని మొదలుపెట్టి ఆగిపోయాడు. సాయి కిరణ్ కిటికీ వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"మూడు వందల మంది వచ్చిన్రు ఆ దినం. మీరు వచ్చిన్రని చూసి నేను మంచిగనే అనుకున్న అన్నా. తర్వాత ఆ మాట అన్నరు."

అది క్షమించడమో, కాదో నాకు తెలియలేదు. పాండుకూ తెలిసినట్టు లేదు. బయటికొచ్చాక బండి తాళం చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడిపోయాడు. ఏడుస్తున్నాడని నేను కాసేపటికి గమనించాను. యాభైకి దగ్గరపడ్డ మనిషి, బస్సులు పోతున్న బీజాపూర్ రోడ్డు మీద.

ఆ ఏడు సీజన్ ముచ్చటకు అయిదుగురం వచ్చాం. ఫోన్ల షాపు హరీష్, అతని దోస్తులు ఇద్దరు, ముడిమ్యాల నుంచి పెద్దాయన కృష్ణయ్య, నేను. ఈసారి వద్దులే అన్నా అని హరీష్ ముందే అన్నాడు. ఓడినప్పుడే చెప్పాలె అని పాండు నిలబడ్డాడు.

ఇరవై నాలుగు మ్యాచులు, రెండు గెలుపులు, అయిదు డ్రాలు, పదిహేడు ఓటములు. పట్టికలో అట్టడుగు. తిన్న గోల్స్ యాభై రెండు. వాటిలో ఇరవై ఒకటి డెబ్బై అయిదో నిమిషం దాటాక పడ్డవేనని చెప్పాడు. అంటే మన పిల్లలు గంటంబావు సేపు ఎవరికీ తీసిపోలేదని, ఆ తర్వాత మార్చడానికి మనుషులు లేకనే చేతులెత్తేశారని అన్నాడు. బ్రెజిల్ అతను పోయాక డిఫెన్స్ ముందు ఖాళీ ఏర్పడిందని, కోచ్ ఆ ఖాళీ పూడ్చకుండా వెనక డిఫెండర్ల లైనును ఇంకా ముందుకు జరిపాడని, లైను వెనక పడ్డ ప్రతి బంతికీ ఇద్దరు కుర్రాళ్లు నలభై గజాలు పరిగెత్తాల్సి వచ్చిందని చెప్పాడు. బోరులో నీళ్లు లేకుండ మోటారు నడిపితే ఎన్నాళ్లు నడుస్తది అన్నాడు. గోలీని మెచ్చుకున్నాడు. కెప్టెన్ ఆఖరి నెలలో మనసు పెట్టి ఆడలేదన్నాడు. అంతా ఎప్పటిలాగే ఉంది. గొంతు మాత్రం పాండుది కాదు.

అప్పుడు హరీష్ మార్కులు అడిగాడు. పాండు ఒక్కొక్కరికే వేసుకుంటూ వచ్చాడు. గోలీకి ఏడు. కెప్టెన్‌కు మూడు. సాయి కిరణ్ దగ్గర ఆగాడు.

"ఆ పిలగానికి మార్కులు నేనెయ్య" అన్నాడు.

కృష్ణయ్య ఎందుకని అడిగాడు. పాండు అందరి ముందూ చెప్పాడు.

"బాల్ లేనోన్ని చూడాలె అని అందరికి చెప్పుకుంట తిరిగిన. పదకొండు మ్యాచులు ఆ పిలగాడు కుంటుతుంటే నేను చూడలే. పక్కకు తిరిగేటప్పుడు కాలు లాగుతుండె. యాది చేసుకుంటే ఇప్పుడు మంచిగ కనబడుతున్నది. అప్పుడు నాకు స్కోరే కనబడ్డది. కాళ్లు లేవారా అని ఒర్రిన. ఈ సీజన్ల అందరికన్న అధ్వానంగ ఆడింది నేను. రాసుకోండ్రి."

రాసుకునేవాళ్లు ఎవరూ లేరు. హరీష్ నేల చూపులు చూశాడు. కృష్ణయ్య లేచి పాండు వీపు మీద చెయ్యి వేశాడు. కాసేపటికి కుర్చీలు మేమే లోపల పెట్టాం.

జూన్‌లో క్లబ్బు వేరే రాష్ట్రానికి తరలిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. కొత్త యజమానులు, కొత్త పేరు, కొత్త రంగు. మాకు మిగిల్చింది ఏమీ లేదు. అభిమానుల వాట్సాప్ గ్రూపులోంచి ఒక్కొక్కరే బయటికి పోయారు. పాండు పట్టించుకున్నది వేరే పని. వారానికి రెండుసార్లు మొయినాబాద్ వెళ్లి, సాయి కిరణ్‌ను బండి మీద ఫిజియోథెరపీకి తీసుకెళ్లేవాడు. పంటల సీజను పని ఎంత ఉన్నా, రైతులు మోటారు కాలిందని ఎన్ని ఫోన్లు చేసినా ఆ రెండు పూటలు మాత్రం షాపు మూసేవాడు. కుర్రాడు నడుస్తాడు, మెల్లగా పరిగెత్తుతాడు కూడా, కానీ ఆ స్థాయిలో మళ్లీ ఆడలేడని ఆగస్టులో డాక్టరు చెప్పేశాడు. ఆ మాట రాధమ్మకు చెప్పాల్సి వచ్చింది పాండుకే. ఆమె సరే అన్నా అని గులాబీ తోటకు పనికి వెళ్లిపోయిందట.

సెప్టెంబరులో ఒక ఆదివారం నేనూ వాళ్లింటికి వెళ్లాను. పాండు అప్పటికే అక్కడ ఉన్నాడు. సాయి కిరణ్ ఫోన్‌లో మ్యాచ్ చూస్తున్నాడు. తరలిపోయిన కొత్త ఊళ్లో మా పాత జట్టు మొదటి మ్యాచ్ అది. జెర్సీ నీలం రంగు. కుడివైపు డిఫెన్స్‌లో సాయి కిరణ్ ఆడే చోట ఎవరో కొత్త కుర్రాడు ఆడుతున్నాడు. పాండు ఫోన్ వైపు చూడకుండానే అడిగాడు.

"ఎట్ల ఆడుతుండు?"

సాయి కిరణ్ కొంచెంసేపు చూశాడు. బంతి ఎక్కడో అవతల ఉంది. వాడు చూస్తున్నది ఆ కుర్రాడినే.

"మంచిగ ఆడుతుండన్నా" అన్నాడు. "చాన మంచిగ ఆడుతుండు."

ఫోన్ పక్కన బోర్లించి, స్టూలు మీంచి కాలు కింద పెట్టి, నీళ్లు తాగడానికి మెల్లగా లేచాడు. పాండు సాయం చెయ్యడానికి లేవలేదు. కదలకుండా కూర్చుని, వాడు వంటగది దాకా నడిచి వెళ్లడం చూస్తూ ఉన్నాడు.