నీలం చీటీ ఎలుకలు

పంజగుట్టలో ఒక మందుల పరిశోధనశాల మూడో అంతస్తులో మొగిలయ్య పదకొండేళ్లుగా ఎలుకలను చూసుకుంటున్నాడు. రోజూ బల్కంపేట నుంచి నడిచి వస్తుంటే, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వాళ్లు అతని చేతిలోనూ జావా కోర్సు కరపత్రాలు పెట్టేవారు. అర్థం కాకపోయినా చివరిదాకా చదివేవాడు.

2001 వేసవిలో అక్కడ ఉదయలక్ష్మి పీహెచ్‌డీ ప్రయోగం నడిచింది. ఆమెది రాజమండ్రి. మత్తిచ్చిన ఎలుక మూత్రపిండాలకు రక్తం అందకుండా నాళాలను నలభై ఐదు నిమిషాలు చిన్న క్లిప్పులతో బిగించి, తర్వాత వదిలేది. సగం ఎలుకలకు ముందుగా యాంటీఆక్సిడెంట్ మందు, సగానికి ఉత్త ఉప్పునీరు.

"రక్తం ఆగితే పాడైతదంటే సమజైంది మేడం. మళ్ల వచ్చినంక ఎందుకు పాడైతది?"

"ఆక్సిజన్ ఒక్కసారే వచ్చిపడుతుందండీ. దాంతో పుట్టే విషాలు కణాల్ని తినేస్తాయి. మన మందు వాటిని ఆపాలి."

"ఆపుతదా?"

"అదేగా చూస్తున్నాం!"

దెబ్బ ఎంతో మర్నాడు రక్తపరీక్షలో తెలిసేది. మూడు వారాలైనా రెండు గుంపులకూ ఒకటే అంకెలు. మందు లేనివీ బాగానే ఉన్నాయి. "మీ మందులో ఏం లేదమ్మా. శుక్రవారంతో ఆపేద్దాం" అన్నాడు గైడు అచ్యుతరావు. అది ఆమె నాలుగేళ్ల పని.

ఆ మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా తెరవలేదు.

"అన్ని మంచిగుంటే ఫికరెందుకు మేడం?"

"ఉప్పునీటివి పాడైతేనే కదండీ మందు విలువ తెలిసేది! ఏమీ ఇవ్వకుండా అవెలా బాగున్నాయి?"

మొగిలయ్య కడుగుతున్న సీసా కింద పెట్టాడు. "ఏం ఇయ్యకుండ కాదు."

బల్ల మీద ఎలుక కింద వేడి ప్యాడ్ ఉంటుంది. క్లిప్పులు పెట్టి ఆమె పక్కగదికి వెళితే కాపలా అతనిదే. పంజరానికి నీలం చీటీ ఉన్నవి ఉప్పునీటివని అతనికి తెలుసు. మే ఎండల్లో వాటికి వేడి కూడా దేనికని ప్యాడ్ ఆపి, తడిగుడ్డ కప్పి, ఆమె వచ్చేలోగా తీసేసేవాడు.

"మందైతే లేకపాయె. జర సల్లగన్న ఉంటయని."

"నా కొంప ముంచారు కదండీ!"

"సార్‌కు చెప్పున్రి. నేను సుత వస్త."

ఆమె లేచింది గానీ గుమ్మం దాటలేదు. "అన్నిటికీ కప్పారా?"

"నీలం చీటీ ఉన్నయన్నిటికి."

వెనక్కి వచ్చి థర్మామీటర్ వెతికింది. ఒక ఎలుకకు మత్తిచ్చి, తడిగుడ్డ కప్పి కొలిస్తే ఒళ్లు ముప్ఫై మూడు డిగ్రీలకు దిగింది. ఉండాల్సింది ముప్ఫై ఏడు. ఇన్నాళ్లూ ఆమె ఒక్కసారి కూడా కొలవలేదు.

సంగతి చెప్పగానే అచ్యుతరావు మండిపడ్డాడు. "ఆ మనిషిని బల్ల దగ్గరికి రానివ్వకండి."

"ఆయన చల్లబరిచారు సార్. ఒళ్లు చల్లబడితే రక్తం ఆగినా మూత్రపిండాలకు అంత దెబ్బ తగలదు. నేను కొలవలేదు. ఒక నెల ఇవ్వండి. ఆయన్నీ ఉండనివ్వండి."

మళ్లీ మొదలుపెట్టారు. ఐదైదు నిమిషాలకు వేడి చూసి రాసే పని మొగిలయ్యది. నీలం చీటీ వాటి కింద ప్యాడ్ వేడెక్కుతుంటే అతను గడియారం వైపు చూస్తూ ఉండేవాడు.

నెలాఖరుకు అంకెలు విడిపోయాయి. ఉదయలక్ష్మి కాగితంతో పరుగున వచ్చింది. "పనిచేస్తోందండీ! మందిచ్చిన వాటికి సగం కూడా దెబ్బ లేదు."

"నీలం చీటీలయి?"

"బాగా పాడయ్యాయి."

నీలం చీటీ ఉన్న ఒక పంజరంలో ఎలుక మూలకు ముడుచుకుని ఉంది. నీళ్ల సీసా నిండుగానే ఉంది. మొగిలయ్య వంగి చూశాడు.

"గీ మందు ఇప్పుడిస్తే పనిచేస్తదా మేడం? దెబ్బ తగలకముందే ఇయ్యాల్నా?"

"తెలీదండీ."

"ఎవ్వరు చూడలేదా?"

"చూసే ఉంటారు. నేను చూడలేదు" అంటూ ఆమె స్టూలు ఆ పంజరం దగ్గరికి లాక్కుని, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరిచింది.