తళతళలాడిన పన్నెండు బ్లేడ్లు

బద్ధకం వల్ల పని చెడగొట్టినవాళ్ళను మీరు చాలామందిని చూసే ఉంటారు. ఎవరూ అడక్కుండానే ఒళ్ళు వంచి, చెమటోడ్చి మరీ చెడగొట్టినవాణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి. ఒక్క మధ్యాహ్నంలో పన్నెండు టర్బైన్ బ్లేడ్లను నాశనం చేశాను, అదీ కూనిరాగం తీస్తూ.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కోట అనే ఊరి దగ్గర, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక రేకుల షెడ్డులో కొత్తగా చేరాను. గ్యాసుతో కరెంటు తీసే ప్లాంట్ల నుంచి అరిగిపోయిన బ్లేడ్లు మా దగ్గరికి వచ్చేవి. వాటి కొసలకు వేడిని తట్టుకునే సిరామిక్ పూత వేసి పంపేవాళ్ళం. పదేళ్ళు మేస్త్రి చేతి కింద పనిచేసిన వనజక్క తన సొంత సంతకంతో బయటికి పంపబోయే మొదటి పని ఆ పన్నెండు బ్లేడ్లే. మర్నాడు ప్లాంటు ఆఫీసరు వచ్చి చూస్తాడు. నచ్చితే ఇక మీదట వాళ్ళ పనంతా అక్కకే. నచ్చకపోతే ఆ పని చెన్నైలో ఇంకో షెడ్డుకు పోతుంది.

పూత వేయడం ముగించి, బిడ్డకు జ్వరమని అక్క మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళింది. నేను తీరిగ్గా ఒక బ్లేడు కొస మీద వేలు పెట్టి చూశాను. గరగర. పన్నెండూ గరగరే.

ఇక్కడ మా వంశం గురించి ఒక మాట చెప్పాలి. మా నాయన కావలిలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. తగరం పూసి, గుడ్డతో రుద్ది రుద్ది, గిన్నెలో తన ముఖం కనిపిస్తే తప్ప కింద పెట్టేవాడు కాదు. పూత అంటే మెరవాలి, అంతే. పాపం అక్క, బిడ్డ మీద బెంగతో నునుపు చేయడం మరిచిపోయిందనుకున్నాను. నా గుండె కరిగిపోయింది. గుండె కరిగినవాడి చేతికి పాలిష్ మిషన్ దొరకడం ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

ఐదు గంటలు రుద్దాను. ఒక్కో కొసలో నా కన్నొకటీ, సగం మీసమూ కనిపించేదాకా వదల్లేదు. కొస వెడల్పే అంత, ముఖమంతా పట్టదు మరి.

పొద్దున్నే అక్క వచ్చేసరికి మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఏంది ఖాదరూ ఇది?"

"నేనే రుద్దినానక్కా. నువ్వు తొందర్లో వదిలేసి పోయినావు గదా."

"అన్నీనా?"

"ఒక్కటి గూడా వదల్లేదక్కా."

అక్క స్టూలు మీద కూలబడింది. అరిచినా బాగుండేది.

"మీ ఇంట్లో రోలు అరిగి నున్నగా అయితే ఏం చేస్తారు?"

"గంట్లు కొట్టిస్తాం."

"ఎందుకు?"

"లేకపోతే పిండి నలగదు గదక్కా."

"ఇదీ అంతే. బ్లేడు తిరిగేటప్పుడు దాని కొస చుట్టూ ఉండే మెత్తటి గోడను గీసి, తన దారి తనే చేసుకోవాల. అప్పుడే సందు లేకుండా ఉంటాది, గ్యాసు వృథాగా పోదు. ఆ గరుకు పెట్టేదానికే నాకు రెండు దినాలు పట్టింది."

అంతలో ఆఫీసరు రానే వచ్చాడు. ఒక బ్లేడు ఎత్తి చూశాడు.

"ఎవరు చేశారిది?"

"సంతకం నాది సార్, తప్పూ నాదే" అంది అక్క.

ఆ మాటకు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"కాదు సార్, నేను రుద్దినాను. అక్కకు తెలవదు."

"ఎందుకయ్యా?"

"మెరుస్తాదని సార్."

ఆయన నన్ను చూశాడు, బ్లేడును చూశాడు, అందులో కనిపించిన తన సగం మీసాన్ని సవరించుకున్నాడు. "మళ్ళీ వేయడానికి ఎన్ని రోజులమ్మా?" అన్నాడు.

"నాలుగు దినాలు సార్. వీణ్ణి గూడా పెట్టుకుంటా."

ఆ నాలుగు రోజులూ పాత పూత ఊడదీసి, ఇసుక లాంటి పొడిని గాలితో కొట్టి కొసలన్నీ గరుకు చేశాను. వాటి మీద అక్క మళ్ళీ గరుకు పూత వేసింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా నాకూ కలిపి రెండు క్యారియర్లు తెచ్చేది. ఆ అన్నం తింటుంటే తిట్టినదానికన్నా ఎక్కువ బాధేసింది.

ఐదో రోజు ఆఫీసరు వచ్చి బొటనవేలితో ఒక కొసను గట్టిగా రాశాడు. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలి మీద నెత్తుటి చుక్క. ఆ వేలు నోట్లో పెట్టుకునే, "ఇప్పుడు బాగుందమ్మా. ఇక మీదట మా పనంతా మీకే" అన్నాడు. అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఒక పెద్దమనిషికి నెత్తురు వచ్చిందని నేను అంత సంబరపడింది జీవితంలో అదొక్కసారే.

అప్పుడే, గుర్రుగుర్రుమంటున్న కంప్రెసర్ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో అడక్కుండా ఎవరికీ సాయం చేయను. జాలి మరీ పొంగుకొస్తే, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని జాలిపడతాను.