సగం తెల్లబడ్డ డాబా

వీధిలో అందరూ ఆమెను కత్తెర అనేవారు. దర్జీ పని చేస్తుందని పెట్టిన పేరు కాదు, ఆ నోటికి పెట్టిన పేరు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. అన్నవాడి చొక్కా నెల దాటినా కుట్టి ఇవ్వదు.

భర్త పోయిన ఏడాదే మరిది ఇంటి నడుమ గోడ లేపాడు. నీడపట్టున ఉన్న ముందు గదులు అతనికీ, అతని భార్యకీ, అత్తగారికీ పోయాయి. పడమటి ఎండంతా కత్తెర వాటాకు వచ్చింది.

"ఒక్కదానివే కదా వదినా, రెండు గదులు చాలవా?" అన్నాడు మరిది.

"చాలకేం! పెనం కొనుక్కునే పని కూడా తప్పించావు. నేల మీదే వేయించుకుంటా," అందామె.

ఆ తర్వాత పలకరింపులు ఆగిపోయాయి. తిట్లు మాత్రం గోడ మీదుగా రాకపోకలు సాగించేవి.

ఒక వేసవి మొదట్లో బడి పిల్లల తెల్ల చొక్కాల మీద ఆమె చెమట మరకలు పడ్డాయి. బడివాళ్ళు పన్నెండు చొక్కాలు వెనక్కి పంపారు. కోపం వస్తే కత్తెర ఏడవదు, ఏదో ఒక పని మొదలుపెడుతుంది. డాబా తెల్లగా ఉంటే వేడి కిందికి దిగదని సున్నం తెచ్చి డ్రమ్ములో నానబెట్టింది. పాత లంగా గుడ్డలో వడగట్టి, జిగురు కలిపి, తెల్లవారుతూనే డాబా ఎక్కింది. చీపురుతో పూత వేస్తుంటే మరిది పరుగున వచ్చి, సరిగ్గా కింద గోడ ఉన్నచోట బొగ్గుతో గీత గీశాడు.

"ఈ గీత దాటావో, కాళ్ళు విరుగుతాయి!"

"నీ వాటా మీద ఉమ్మడానికి కూడా నా నోట్లో తడి లేదు, పో."

రెండు పూతలతో డాబా సగం పాలమీగడలా మెరిసింది, సగం నల్లగా మిగిలింది. ఆమె అక్కడితో ఆగలేదు. కత్తిరించగా మిగిలిన గుడ్డ పీలికలను పొడుగాటి సంచుల్లో కూరి తలుపుల కింద సందులకు అడ్డం పెట్టింది. మందపాటి ముక్కలు అతికి కిటికీలకు తెరలు కుట్టింది. స్నానాల గది నీళ్ళు కాలువలోకి పోకుండా గొట్టం మళ్ళించి, పడమటి గోడ పక్కన చిక్కుడు పాదు పెట్టింది. తాళ్ళు కట్టేసరికి తీగ గోడంతా కప్పేసింది. రెండు నెలలు తిరక్కుండానే ఆ గదుల్లో మధ్యాహ్నం పూట కూర్చోగలిగేటంత చల్లదనం వచ్చింది.

ఒకరోజు భోజనాలయ్యాక అత్తగారు చంకలో చాపతో గుమ్మంలో నిలబడింది. గోడ లేచిన ఈ ఆరేళ్ళలో ఆవిడ ఆ గడప తొక్కడం అదే మొదలు.

"ఏం అత్తయ్యా, దారి తప్పారా?"

"నీ మొహం చూడ్డానికి రాలేదులే. ఇది నా మొగుడు కట్టిన ఇల్లు. అవతల డాబా సెగకు ఉడికిపోతున్నా."

"పడుకోండి. గురక పెట్టారో, చాపతో సహా వీధిలో పెడతా."

అత్తగారు గురక పెట్టింది. కత్తెర వీధిలో పెట్టలేదు గానీ, మిషను మరింత గట్టిగా తొక్కింది. మర్నాడూ ఆవిడ వచ్చింది. రోజూ వచ్చి, చల్లగా పడుకుని, లేచి, కోడలి కుట్టు బాగాలేదని చెప్పి వెళ్ళేది.

ఇది మరిదికి కంట్లో నలుసైంది. "ముందు డాబా, ఇప్పుడు మా అమ్మ!" అని రంకెలు వేశాడు. అత్తగారి గదిలో, నడిమి గోడకు ఎప్పటినుంచో ఉన్న చెమ్మ మచ్చ అతనికి అప్పుడు గుర్తొచ్చింది. పాదుకు వదిలే నీళ్ళే గోడను తినేస్తున్నాయన్నాడు. కొడవలి తెచ్చి, పిందె పట్టిన పాదును మొదలంటా నరికేశాడు. కత్తెర బకెట్టెడు సబ్బు నీళ్ళు అతని నెత్తిన గుమ్మరించింది. అతను తడి బట్టలతోనే వెళ్ళి పురపాలక కార్యాలయంలో ఫిర్యాదు రాసిచ్చాడు.

ఇంజనీరు వచ్చాడు. పాదులోకి వెళ్ళే గొట్టంలో నీలిరంగు నీళ్ళు పోసి, మర్నాడు వచ్చి చూశాడు. మచ్చ దగ్గర నీలం జాడే లేదు. గోడ కొంచెం పగలగొడితే, మరిది ట్యాంకు నుంచి దిగే పైపు అతుకు దగ్గర నీరు బొట్లు బొట్లుగా కారుతోంది.

"చాలా కాలం నుంచి కారుతోందే! మీకు చప్పుడు వినపడలేదా అమ్మా?" అని, ఆ గోడకు అవతలే మిషను కుట్టే కత్తెరను అడిగాడు.

"ఎందుకు వినపడదూ? రెండేళ్ళుగా వింటున్నా, మిషను ఆపినప్పుడల్లా."

"మరి చెప్పలేదేం?"

"నా మాట వినపడకూడదనేగా గోడ కట్టింది!"

మరిది తల వంచుకున్నాడు. గెలిచానన్న సంతోషం ఆమె మొహంలో ఇంకా తెలుస్తూనే ఉంది. అప్పుడు అత్తగారు మంచం మీంచి లేచి దగ్గరకు వచ్చింది. ఆవిడ మంచం ఆ తడి గోడకే ఆనుకుని ఉంటుంది.

"రెండేళ్ళుగా దగ్గుతున్నా. అదీ వినపడిందా?"

ఆ దగ్గు కూడా కత్తెర విన్నదే.

మర్నాటి నుంచి అత్తగారు రావడం మానేసింది. ఎండలు ముదిరాయి. ఇంట్లో చల్లగానే ఉంది, కుట్టు మాత్రం వంకర్లు పోతోంది. మూడు జేబులు తలకిందులుగా కుట్టి విప్పుకుంది. వారం చూసి, మళ్ళీ సున్నం నానబెట్టి, రెండు బకెట్లతో డాబా ఎక్కి, బొగ్గు గీత దాటింది.

చీపురు చప్పుడు విని మరిది పైకొచ్చాడు. "ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"నీ కోసం రాలేదు. ఆవిడ గది ఉన్నంత మేరకే వేస్తా."

"దిగు!" అని అతను బకెట్టును కాలితో తన్నాడు. సున్నమంతా అతని వాటా మీదే పారింది. కత్తెర చీపురుతో దాన్ని నాలుగు వైపులా లాగుతూ, "తన్ను, ఇంకో బకెట్టుంది," అంది.

అతను రెండోది తన్నలేదు. సాయమూ పట్టలేదు. తెల్లబడ్డ పాదాలతో మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పైపు బాగైంది, దగ్గు పూర్తిగా పోలేదు. కత్తెర కొత్త చిక్కుడు గింజలు నాటింది. అత్తగారు మళ్ళీ ఇటు రాలేదు. తన గదిలోనే పడుకుని, పూత పలచగా వేశావని గోడవతల నుంచి అరుస్తుంది. కత్తెర మిషను ఆపి, ఆ మాట పూర్తిగా విని, అప్పుడు జవాబు తిడుతుంది.