కోడికి తెల్వనియ్యకు

పాతబస్తీ అంగట్ల కోడిని కొనవోతే మా అత్తమ్మ గంపల చెయ్యి పెట్టి, బెదరని పెట్టనే తీస్తుండె. "పిల్లలున్న ఇల్లు, నెమ్మదైనది గావాలె" అంటుండె.

ఇంటికి తెచ్చినంక నూకలతోపాటు గుడ్డు పెంకులు కూడ పెడుతుండె. పెనం మీద వేంచి, పిండి లెక్క దంచాలె. అవి గుడ్డు పెంకులని గుర్తువడితే కోడి తన గుడ్లనే పొడుచుకొని తింటదట. "దానికి తెల్వనియ్యకు" అని, కోడి వింటదేమో అన్నట్టు నా చెవుల చెప్తుండె.

అట్ల తెచ్చిన ఒక కోడి ముసలిదయినంక గుడ్లు పెట్టుడు బంద్ జేసింది. "దానికి నూకలు చెల్లినయి, కూర వండుండ్రి" అన్నడు మామ.

తెల్లారి అత్తమ్మ కిరాణ దుకాణంల గుడ్డు కొనుక్కొచ్చి గూట్ల పెడుతుంటే నేను చూసిన.

"మీ మామకు తెల్వనియ్యకు" అన్నది, గంతే మెల్లగ.

మామ ఆ గుడ్డు ఉడకవెట్టిచ్చుకొని తిన్నడు. పెంకులు తనే మెత్తగ దంచిండు, కోడికి తెల్వకుండ.