ఎన్ని కంచాలు పెట్టినవ్?

సభలో సలహా చెప్పి వచ్చిన రాత్రి ఇంట్లోనే అన్నం తినండి. ఎందుకంటే మాత్రం కొంచెం మొదటి నుంచి చెప్పాలి.

పోయిన నెల మా వార్డు సభ జరిగింది. మాది జగిత్యాలకు, కోరుట్లకు పోయే బస్సులు ఆగీ ఆగనట్టు ఆగి పోయే చిన్న పట్నం. ఈమధ్యే మున్సిపాలిటీ అయింది. అయినప్పటి నుంచి ఊరికి ఏం పెరిగిందో గానీ, కమిషనర్ గారికి ఆలోచనలు పెరిగాయి. బడి వరండాలో సభ. తేల్చవలసినవి రెండు. నల్లా బిల్లు ఎట్లా వేయాలి? ఇల్లు కనీసం ఎంత ఉంటే స్లాబుకు పర్మిషన్ ఇవ్వాలి? నల్లాకు ప్రతి ఇంటికీ ఒకటే రేటు పెడదామని, అరవై గజాలకు తక్కువున్న ఇంటికి పర్మిషన్ వద్దని కమిషనర్ ఉద్దేశం.

నా గుండెలో రాయి పడింది. నాకోసం కాదు, మా పక్కింటి రాజవ్వ కోసం. ఆమెది రెండు అర్రల పెంకుటిల్లు, ఎంత సాగదీసినా నలభై గజాలు. వాన పడితే బీడీల తట్ట పట్టుకుని ఏ మూలన కురవడం లేదో అని ఇల్లంతా తిరుగుతుంది. భర్త లచ్చయ్య ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. కల్లు తాగేవాళ్లు సీసాలకు మళ్లాక మస్కట్ పోయాడు. వెనకే కొడుకులిద్దరూ పోయారు. ఇక్కడ రాజవ్వ, బిడ్డ మిగిలారు. తమ ఇంటికి ఒక స్లాబు పడాలని ఆ ముగ్గురూ అక్కడ ఎవరెవరి స్లాబులకో ఎండలో కంకర మోస్తున్నారు.

నేను జగిత్యాలలో బీఏ చదివినవాణ్ని. ఆ రోజుల్లో బీఏ అంటే... వద్దులెండి, అది మొదలుపెడితే ఆగను. లేచి నిలబడ్డాను.

"సార్, ఇంటిని కొలువకుండ్రి, మనుషులను లెక్కపెట్టుండ్రి. తలకిన్ని నీళ్లు, తలకిన్ని గజాలు. ఇద్దరుండే ఇంటికి రెండు అర్రలు సాలవా?"

చప్పట్లు కొట్టారు. కమిషనర్ కూడా బాగుందన్నాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా? ఇక్కడే ఒక ఇంటితో చూద్దామని, ముందు వరసలో కూర్చున్న రాజవ్వనే అడిగాడు, ఇంట్లో ఎంతమంది ఉన్నారని.

"ఐదుగురం సారూ."

కమిషనర్ తల అడ్డంగా ఊపాడు. ఐదుగురికి నలభై గజాలు ఎట్లా సరిపోతాయి? స్లాబు లేదు. పైగా నీళ్ల బిల్లు ఐదుగురిదీ కట్టాలి. నేను ఉన్నచోటి నుంచే ఆమెకు రెండు వేళ్లు చూపించాను, ఇద్దరమని చెప్పమన్నట్టు.

"ఏంది పెద్దబాపూ, రెంటికి పోవాల్నా? బడి ఎనుకకు పో" అంది రాజవ్వ.

సభంతా నవ్వింది. నేను దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. లచ్చయ్య, కొడుకులు ఇక్కడ లేరు కదా, లేరని చెప్పు బిడ్డా అని. ఆమె గొంతు మాత్రం చెవిలో ఆగేది కాదు.

"మా ఆయన లేడని నా నోటితోని అనాల్నా? గీ సదువు నీకెవలు చెప్పిండ్రు పెద్దబాపూ?"

నిజమే. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. గడప దాటేవాడు కూడా పోతున్న అనడు, వస్త అంటాడు. అటువంటి ఊళ్లో, దేశం కాని దేశంలో ఉన్నవాణ్ని పట్టుకుని 'లేడు' అనమన్నాను. బీఏ చదివి.

ఆ తర్వాత ఏ ఆడమనిషిని అడిగినా అంతే. భివండి మగ్గాల మీద ఉన్నవాళ్లు, దుబాయిలో ఉన్నవాళ్లు, అందరూ ఇంట్లో ఉన్నవాళ్లే. పగలు పోతే సగం ఇళ్లకు తాళాలు కనిపించే మా వార్డు, నా సలహా పుణ్యమా అని కాలు పెట్టే సందులేని వార్డైంది.

చివరి వరసలో ఒకామె మాత్రం "ఒక్కదాన్నే సారూ" అంది. ఆమె పెనిమిటి కూడా మస్కట్ పోయినవాడే. పోయినేడు పెట్టెలో వచ్చాడు.

కమిషనర్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు. లేడు అనే హక్కు ఎవరికి ఉంటుందో, దానికి ఏమి ఇచ్చుకోవలసి వస్తుందో ఆ ఒక్కమాటతో మాకందరికీ తెలిసింది.

నేను రాజవ్వ ముందు కింద కూర్చున్నాను. లేచి నిలబడి చెప్పిన మాటతోనే అంతా పాడైంది కనక.

"బిడ్డా, నిన్న పొద్దుమీకి ఎన్ని కంచాలు పెట్టినవ్?"

ఆమె తనకొకటి, బిడ్డకొకటి వేళ్లు మడిచింది.

"రెండు."

ఇక నుంచి ప్రతి ఇంట్లో ఇదే అడగండి, ఎంతమంది అని అడగొద్దు అన్నాడు కమిషనర్ తన మనుషులతో. ఆ పద్ధతే ఖాయమైంది. రాజవ్వకు పర్మిషన్ వచ్చేటట్టయింది.

నేను ఇంటికి పోలేదు. హోటల్లో కూర్చుని, సభను నేనెట్లా ఒడ్డున పడేశానో పదిమందికి చెబుతూ మిర్చి బజ్జీలు తిన్నాను. ముంచిందెవరో చెప్పలేదు. ఇంటికి పోయి ఆకలి లేదన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె అనలేదంటే అప్పటికి దాచుకుందని అర్థం.

మర్నాడు మున్సిపాలిటీవాళ్లు మా ఇంటికే వచ్చారు. మిగిలిన గొప్పలు చెప్పుకోవడానికి నేను మళ్లీ హోటల్లో ఉన్నాను. నిన్న రాత్రి ఎన్ని కంచాలు పెట్టినవమ్మా అని అడిగితే మా ఆవిడ ఒకటి అంది. మరి సార్ ఏడమ్మా అని అడిగారట.

"లేడు" అందట.

ఇంటికొచ్చి ఎంత మాటన్నావని నేను అడిగితే, "ఇంట్ల లేవు కదా, ఉన్నమాట చెప్పిన" అంది. వాళ్లను పిలిచి లెక్క సరిచేయిద్దామంటే సలహా నాదే, ప్రశ్నా నాదే. ఏ మొహంతో పోను?

నిన్న రాజవ్వ ఇంటికి స్లాబు పోశారు. లచ్చయ్య మస్కట్ నుంచి ఫోన్లో చూస్తున్నాడట. గోడ అవతలి నుంచి ఆమె పిలిచింది.

"పెద్దబాపూ, ఇంట్ల ఉన్నవా?"

"నాకేం ఎరుక బిడ్డా, మున్సిపాలిటోళ్లను అడుగు" అన్నాను.