తమ్ముడి క్లోమం, నా నోరు

నా నోటి దురుసు మా ఇంట్లో అందరికీ తెలుసు. కోదాడలో టీచర్ని కదా, తప్పు కనబడితే ఊరుకోలేను. లేని తప్పు కనబడ్డా ఊరుకోలేను, అదీ బాధ.

తమ్ముడు మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. ఏడాదిగా వాడికి కడుపునొప్పి. పైకడుపులో మొదలై వీపులోకి పొడిచేది. మిల్లు దగ్గరి ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూది వేసేవాడు, రెండు రోజులు తగ్గేది. మనిషి మాత్రం చిక్కి సగమయ్యాడు.

వేసవిలో గరిడేపల్లిలో మేనమామ ఇంట దావత్. రెండు మటన్ ముక్కలు తిన్నాడో లేదో, వాడు లేచి వెళ్లిపోయాడు. వెతికితే టెంటు వెనక మోకాళ్లు ముడుచుకుని పడి ఉన్నాడు, పక్కన వాంతి. దావత్‌లో అలా పడినవాణ్ణి చూసి మనవాళ్లు ఇంకేం అనుకుంటారు? నా దగ్గరే ఉండి ఇంటర్ చదువుతున్న వాడి కూతురితో "మీ నాయిన చాటుకు తాగుతుండు" అనేశాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల తండ్రి ఫోన్ ఎత్తలేదు.

"ఒట్టు, తాగలే అక్కా" అని వాడు ఎంత మొత్తుకున్నా వినలేదు.

షుగర్ కూడా బయటపడ్డాక సూర్యాపేటలో పెద్ద డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. తాగుడు మానమని ఆయనతో చెప్పించాలన్నదే నా ఎత్తు. ఆయన అడిగినవి వేరు. మలం జిడ్డుగా నీళ్ల మీద తేలుతుందా? చిన్నప్పుడూ ఇలాంటి నొప్పి వచ్చేదా? రెండింటికీ వాడు తలూపాడు. అప్పట్లో బడి ఎగ్గొట్టే నాటకమని వాడి వీపు విమానం మోత మోగించింది నేనే.

స్కాన్‌లో క్లోమం నిండా రాళ్లు.

"తిండి అరిగించే రసం పోయే గొట్టం మూసుకపోయింది. అందుకే కొవ్వు అరగక మనిషి చిక్కిండు. ఇన్సులిన్ తయారయ్యేది గూడ అండ్లనే, గందుకే షుగర్. శానామందికి తాగుడుతోనే వస్తదమ్మా, తాగనోళ్లకూ వస్తది. ఈయనది చిన్నప్పటిదే, వంశంల ఉన్న గుణం కావచ్చు" అన్నాడు డాక్టరు.

పాడైన క్లోమం మళ్లీ మామూలు కాదట. తిన్నప్పుడల్లా అరుగుదలకు మాత్రలు, రోజూ ఇన్సులిన్, రాళ్లు తీయించడం. నొప్పిని మాత్రం చాలావరకు తగ్గించవచ్చట.

బయట బెంచీ మీద "తప్పైంది తమ్మీ" అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. వాడు తిట్టినా బాగుండేది. నా ఫోన్ తీసుకుని, కూతురి నంబరు కలిపి నా చేతిలో పెట్టాడు.

"నేను జేస్తే ఎత్తదు. నువ్వు చెప్పింది నమ్మింది గద, ఇది గూడ నమ్ముతది. చెప్పక్కా."

పిల్ల వెంటనే ఎత్తింది. "అత్తా, నాయినకు ఏమైంది? డాక్టర్ ఏమన్నడు?" అని అడిగింది. ఇన్ని నెలల తర్వాత ఆ గొంతు వినడానికి వాడు ఫోన్ దగ్గరికి చెవి వంచాడు.

"తప్పు నాది బిడ్డా" అని మొదలుపెట్టాను.